యానాంలో ఇళ్ల జాబితా ఎవరి చేతిలో ఉంది?

యానాంలో ఇంటి స్థలం కావాలంటే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు ఊళ్లో నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. ఎమ్మెల్యే గారిని కలవమని కొందరంటారు. రీజనల్ అడ్మినిస్ట్రేటర్ ఆఫీసుకు వెళ్లమని కొందరు. మునిసిపాలిటీలో దరఖాస్తు ఇచ్చి రసీదు పుచ్చుకోమని ఇంకొందరు. తిరిగి తిరిగి అనుభవం వచ్చినవాళ్లు మాత్రం "ఫైలు పుదుచ్చేరి వెళ్లి రావాలండీ" అని ఊరుకుంటారు. మీ వార్డు సభ్యుణ్ణి అడగండి అని మాత్రం ఒక్కరూ అనరు. అనడానికి వార్డు సభ్యుడు ఉండాలి కదా. 2011 నుంచి యానాంలో అలాంటి మనిషి లేడు.

మన పురపాలక సంఘం నిన్న మొన్నటిది కాదు. ఫ్రెంచివారి కాలంలో 1880లోనే ఏర్పడింది. మేయరు ఉండేవాడు, ఎన్నికలు ఉండేవి. అవి ఎంత సవ్యంగా జరిగేవన్నది వేరే కథ. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వాన ఫ్రెంచి జెండా దిగింది. స్వతంత్ర భారతంలో కలిసిన తరువాత పుదుచ్చేరి ప్రాంతమంతటా 1968లో పురపాలక ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2006లో. మధ్యలో 38 ఏళ్లు. 2006లో గెలిచినవారి గడువు 2011తో తీరిపోయింది. 2021 అక్టోబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరుపుతామని ప్రకటన వెలువడింది, అభ్యర్థులు తెల్లచొక్కాలు కూడా ఇస్త్రీ చేయించుకున్నారు. రిజర్వేషన్ల వివాదం హైకోర్టుకు ఎక్కడంతో అదీ ఆగిపోయింది. పాత పాలకమండలి ఐదేళ్ల గడువు తీరేలోపే కొత్తదానికి ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలో 243యు అధికరణం చెబుతోంది. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గరకు వచ్చేసరికి ఆ అక్షరాలు కాగితం మీదే ఉండిపోయాయి.

బాలయోగి వారధి దాటి అవతలికి వెళితే ఎదుర్లంక. అక్కడ 2021లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, సర్పంచిని ఎన్నుకున్నారు. వీధి దీపం వెలగకపోతే ఎవరి ఇంటి ముందుకు వెళ్లి కేకేయాలో వాళ్లకు తెలుసు. గోదావరి ఒకటే, భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే. వంతెనకు ఇవతల ఉన్నందుకు మనకు ఆ మాత్రం గుమ్మం కూడా లేకపోయింది. ఎదుర్లంకలో అంతా సవ్యంగా ఉందని మేము అనడం లేదు. సర్పంచులకు నిధులు లేవన్న గోల అక్కడా వింటూనే ఉన్నాం. మేము చెప్పేది గుమ్మం సంగతి.

పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికయ్యే స్థానాలు 30. మనది అందులో ఒకటి. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. ఓటు వేయడం మనకు చేతకాక కాదు. ముఖ్యమంత్రి కాబోతున్న రంగసామి గారు 2021లో ఇక్కడ నిలబడితే స్వతంత్ర అభ్యర్థిని గెలిపించి పంపిన ఊరు మనది. కాని ఐదేళ్లకు ఒకసారి నొక్కే ఆ ఒక్క మీటతోనే రోడ్డు, మురుగుకాలువ, పింఛను, ఇంటి పట్టా అన్నీ వెలగాలంటే ఎలా? దానితో ఏమవుతుందంటే, ప్రతి అవసరమూ ఒక మనిషి దగ్గరకు, ఒక పార్టీ దగ్గరకు పోయి చేయి చాచడంగా మారుతుంది. ఎమ్మెల్యే ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, ఇందులో తేడా ఉండదు.

ఇళ్ల విషయంలో ఇది బాగా బయటపడుతుంది. స్థలం లేనివాళ్లకు ప్రభుత్వ భూమిలో ఇచ్చే ఎల్.జి.ఆర్. పట్టా ఉంది. ఇల్లు కట్టుకోవడానికి కామరాజ్ శతజయంతి పథకం కింద విడతలుగా ఇచ్చే సాయం ఉంది. కేంద్రం ఆవాస్ యోజన ఉంది. పథకాలకు కరువు లేదు. లేనిది వరుస. ఎవరు ముందు దరఖాస్తు పెట్టారు, ఎవరి ఇల్లు ఎంత పల్లంలో ఉంది, ఎవరికి ఒకసారి ఇచ్చేశారు, ఎవరిది ఎందుకు కొట్టేశారు అనే వరుస ఊరికి కనబడదు. మా సంఘంలో మాలాంటి రిటైరైన గుమాస్తాలు నలుగురం ఉన్నాం. దరఖాస్తులు రాసి పెట్టమని వచ్చేవాళ్లతో మా సాయంత్రాలు గడిచిపోతాయి. వాళ్లు తెచ్చే ప్లాస్టిక్ సంచిలో ఒకే పనికి మూడు నాలుగు దరఖాస్తుల నకళ్లు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఎన్నికల ముందటిది. రసీదు నెంబరు ఉన్నది అందులో ఒక్కటి ఉంటే గొప్ప. ఆఫీసు బల్లకు అవతల వైపున ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాళ్లం కాబట్టి చెప్పగలం: నెంబరు లేని కాగితానికి ఫైలులో చోటు ఉండదు, చోటు లేని కాగితం గురించి ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

ఇక నీళ్ల సంగతి. 2022 జూలై మూడోవారం ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గరే ఇస్తారు. అది దాటిపోయి రోజుల తరబడి దిగలేదు. ఆ వారంలోనే గురు పౌర్ణమి కూడా వచ్చింది. పున్నమి పోటుకు సముద్రం నీటిని వెనక్కి తోస్తుంటే, పైనుంచి గౌతమి దిగివస్తుంటే, మధ్యన ఉన్నది మన ఊరు. పెద్దవాళ్లు 1986 ఆగస్టును తలుచుకున్నారు. అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అంతకంటే పది లక్షలు తక్కువ వచ్చినా 2022లో అన్ని పేటలు ఎందుకు మునిగాయి అని చాలామంది అడిగారు. గట్టు పొర్లడం ఒక్కటే కారణం కాదు. ఊరి మురుగు ఏట్లోకి పోవాల్సిన కాలువల్లోనే ఏరు ఊళ్లోకి ఎదురొచ్చింది. దానికి తోడు, 1986లో చేలుగా, గుంటలుగా ఉన్న జాగాల్లో ఇప్పుడు ఇళ్లున్నాయి.

మన ఊరి పేర్లలోనే లెక్క ఉంది. ఇసుకతిప్ప, దరియాలతిప్ప, ఫ్రాంసుతిప్ప. తిప్ప అంటే నీటి మధ్య మెరక. పాతవాళ్లు ఎక్కడ గూడు కట్టుకోవాలో ఏటిని చూసి నేర్చుకున్నారు. మెట్టకూరు పేరులో మెట్ట ఉంది. తరువాత తరువాత వెలసిన నగర్లకు, కాలనీలకు నాయకుల పేర్లు పెట్టుకున్నాం. ఆ పేర్లు నేల ఎత్తు చెప్పవు. ప్రభుత్వ స్థలం అంటే సాధారణంగా ఎవరికీ అక్కరలేక మిగిలిన పల్లం. దాన్ని రెండు లారీల గ్రావెలుతో పూడ్చి రాళ్లు పాతి పట్టా చేతిలో పెడితే, పుచ్చుకున్నవాడు సంతోషంగానే పుచ్చుకుంటాడు. మొదటి వరదకు తెలుస్తుంది ఏమి పుచ్చుకున్నాడో. ఇల్లు లేనివాడికి ఇల్లివ్వడం న్యాయమే. మునిగే చోట ఇస్తే అది సగం న్యాయం. పైగా కాలువకు పోవాల్సిన నీటి దారిలో ఇల్లు లేస్తే పక్కపేట కూడా మునుగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు విరుచుకుపడినప్పుడు ఇదే చూశాం. అక్కడి ప్రభుత్వం కింది అంతస్తులో నీళ్లు చేరిన కుటుంబానికి 25,000, పై అంతస్తు వారికి 10,000 అని లెక్క కట్టింది. పేర్లు వార్డు సచివాలయాల దగ్గర పెట్టారు. ఆ జాబితాల మీద గొడవలు లేకపోలేదు. కాని గొడవ పడడానికి గోడ మీద ఒక జాబితా ఉంది.

ఇప్పుడు పాఠకులలో కొందరికి రుచించని మాట ఒకటి చెప్పాలి. 2001 జనాభా లెక్కల్లో యానాం జనం 31,394. 2011కు వచ్చేసరికి 55,626. పదేళ్లలో నూటికి డెబ్బై ఏడు మంది చొప్పున పెరిగారు. ఇంత పెరుగుదల పురుళ్లతో రాదు. ఫ్యాక్టరీ పనికి, రొయ్యల చెరువులకు, ఇళ్ల పనులకు, ఇక్కడి రేషను, చదువుల సదుపాయాలకు చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చినవాళ్లున్నారు. నాలుగైదు తరాలుగా ఇక్కడే ఉన్న మన ఇళ్లలో "వాళ్లు మొన్న వచ్చారు, పట్టాలు మాత్రం వాళ్లకే" అన్న మాట తరచు వింటాం. దీనికి మూలం కోపం కాదు, కనబడని జాబితా. ఎవరికి ఎందుకు వచ్చిందో తెలియనప్పుడు పక్కవాడే దొంగలా కనిపిస్తాడు. రీజెన్సీ సిరామిక్స్‌లో 2012 జనవరి నాటి హింస తరువాత ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడినప్పుడు, అద్దె ఇళ్లలో ఉన్న కార్మికుల కుటుంబాలు ఎన్ని చెదిరిపోయాయో ఏ రికార్డులోనూ లేదు. పట్టా ఉన్నవాడికి పేరుంది, కబ్జాలో ఉన్నవాడికీ ఓ ఓటరు కార్డు ఉంటుంది. అద్దెకున్నవాడు వరద సాయం రోజున ఇంటి యజమాని వెనక నిలబడాలి. పాత కుటుంబాలవాళ్లం మనం వీళ్లను మన లెక్కలో కలుపుకోకపోతే లెక్క మనకే తప్పుతుంది. ఊరు మునిగినప్పుడు నీళ్లు నేటివిటీ సర్టిఫికెట్ చూడవు.

సర్కారు జాబితా కోసం ఎదురుచూడకుండా తామే జాబితా రాసుకుని ఇళ్లు సాధించిన తెలుగువాళ్లు ఉన్నారు. అది ఆంధ్రలోనో తెలంగాణలోనో కాదు, మహారాష్ట్రలోని షోలాపూర్‌లో. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితం వెళ్లి అక్కడ స్థిరపడిన చేనేత కుటుంబాలు. మగవాళ్లు మరమగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు. ఇరుకు గదుల్లో అద్దెకు బతికారు. మనలాగే పెద్ద రాష్ట్రంలో చిన్న భాషవాళ్లు. వాళ్లలో నుంచి వచ్చిన కార్మిక నాయకుడు, మాజీ శాసనసభ్యుడు ఆడం నర్సయ్య గారి వెనక ఈ బీడీ మహిళలు తమ పేర్లతోనే సహకార గృహనిర్మాణ సంఘం పెట్టుకున్నారు. వర్లీ గిరిజనుల పోరాటం నడిపిన గోదూతాయి పరులేకర్ పేరు దానికి పెట్టారు. గోదూతాయి అంటే గోదావరి.

వాళ్లు చేసిన పని క్రమం గమనించదగ్గది. ముందు సభ్యుల పేర్లు రాశారు. తమ వంతు డబ్బు తాము కూడబెట్టారు. కుంభారి ఊరి దగ్గర భూమి చూశారు. ఆ తరువాతే ప్రభుత్వాల మీదకు వెళ్లారు, ఊరేగింపులతో, ధర్నాలతో, ఏళ్ల తరబడి. ఇంటికి 60,000 ఖర్చయితే 20,000 కార్మికురాలిది, మిగతాది కేంద్రం, రాష్ట్రం చెరిసగం. 2006 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి పదివేల ఇళ్ల తాళాలు అప్పగించారు. తరువాత అదే బాటలో అసంఘటిత కార్మికుల కోసం 30,000 ఇళ్ల రేనగర్ మొదలైంది. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అందజేశారు. ఇద్దరు ప్రధానులు, రెండు పార్టీలు. ఎర్రజెండా సంఘం అడిగితే ఇద్దరూ రావాల్సి వచ్చింది. ఎందుకు వచ్చారంటే, ఇవ్వాల్సిన పేర్ల జాబితా అక్కడ ఏ మంత్రి జేబులోనూ లేదు, సంఘం దగ్గర ఉంది. పేరు కొట్టేయాలంటే సంఘం సభలో కొట్టేయాలి.

అక్కడ అంతా బంగారం అనుకోవద్దు. నగరానికి దూరంగా కట్టిన కాలనీకి ఇల్లు వచ్చాక బస్సు, నీళ్లు, బడి మళ్లీ మొదటినుంచి అడగాలి. యానాంలో అంత భూమి కూడా లేదు. కొద్ది చదరపు కిలోమీటర్ల ఊళ్లో పదివేల ఇళ్ల మాట హాస్యాస్పదం. మనం తెచ్చుకోవాల్సింది ఆ కాలనీ నమూనా కాదు. ముందు పేర్లు, తరువాత పిటిషన్ అన్న ఆ వరుస.

దీనికి పాలకమండలి కోసం ఆగనక్కరలేదు. ఏ పేటకు ఆ పేట, ఇరవై ముప్ఫై గడపల చొప్పున, ఒక నోటు పుస్తకం చాలు. ఇంట్లో ఎందరు, సొంతమా అద్దా, పట్టా ఉందా, 2022లో నీళ్లు గడప దాటాయా, కిటికీ దాకా వచ్చాయా, ఎన్ని రోజులు నిలిచాయి. పెట్టిన దరఖాస్తు ఏది, రసీదు నెంబరు ఎంత. రాసిన పుస్తకాన్ని పేటలో అందరి ఎదుట చదవాలి. అబద్ధం రాస్తే పక్కింటావిడ ఊరుకోదు. అంతకు మించిన విచారణాధికారి లేడు. రాసే పని ఆడవాళ్లకు అప్పగించడం మంచిదని మా సంఘం అభిప్రాయం. పొదుపు సంఘాల పుస్తకాలు పైసా తేడా రాకుండా రాస్తున్నది వాళ్లే. పైగా వరదలో ఏ గట్టు మీద వంట వండారో, ఏ ముసలమ్మను ఎవరు మోసుకొచ్చారో వాళ్లకే తెలుసు.

ఆ పుస్తకం చేతిలో ఉంటే చట్టాలు పనికొస్తాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు అడక్కుండానే ప్రకటించాలని చెబుతోంది. ప్రకటించకపోతే అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కొక్కరు అడిగితే ఒక్కొక్కరి జవాబు వస్తుంది. పేట మొత్తం తన పుస్తకంతో పోల్చడానికి అడిగితే జాబితా వస్తుంది. ఏటి ఒడ్డు మత్స్యకార పేటలకు ఇంకో దారి ఉంది. తీర నియంత్రణ మండలి పటాలు తయారుచేసేటప్పుడు జనాభిప్రాయం వినాలి, మత్స్యకార గ్రామాలను పటంలో చూపాలి. ఆ పటం ముసాయిదా దశలో ఉన్నప్పుడు ఎవరూ వెళ్లరు. ఖరారయ్యాక ఇంటికి గోడ లేపనివ్వడం లేదని వస్తారు. అలాగే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద పట్టణ కమిటీలో కనీసం నూటికి 40 మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లను వాళ్లే ఎన్నుకోవాలి, అందులో మూడోవంతు ఆడవాళ్లు. పురపాలక ఎన్నికలు లేని ఊళ్లో ఇది కూడా ఒక ఎన్నికే. చేపల బుట్టల దగ్గర, టిఫిను బండ్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

భాష గురించి ఒక మాట. 1965 నాటి అధికార భాషా చట్టం ప్రకారం పుదుచ్చేరికి తమిళం అధికార భాష అయినా యానాంలో తెలుగు వాడుకునే హక్కు మనకుంది. తెలుగు సంఘం అంటే ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం మాత్రమే అనుకునేవాళ్లకు మా జవాబు ఇదే: ఇంటి దరఖాస్తు తెలుగులో ఉండాలి, తిరస్కరిస్తే కారణం తెలుగులో రావాలి, లబ్ధిదారుల పేర్లు తెలుగులో గోడ మీద ఉండాలి. అర్థంకాని భాషలో వచ్చిన తిరస్కారానికి అప్పీలు ఎవరు రాస్తారు?

ఇదంతా రాజకీయం అవుతుందని, సంఘంలో చీలికలు వస్తాయని మా పెద్దలలో ఒకరిద్దరు హెచ్చరించారు. రావచ్చు. పేట పుస్తకాన్ని ఏదో ఒక పార్టీవాళ్లు ఎత్తుకుపోయి తమదని చెప్పుకునే రోజు కూడా వస్తుంది. అందుకే ప్రతి పుస్తకానికి రెండు నకళ్లు, ఒకటి పేటలో, ఒకటి సంఘంలో. ఎన్నికలు రావాలని కోర్టుల్లో, సభల్లో కొట్లాడేవాళ్లు కొట్లాడాలి, మా సంతకం అక్కడా ఉంటుంది. రేపు ఎన్నికలు జరిగి వార్డు సభ్యుడు వచ్చినా, అతని చేతికి ఈ పుస్తకం అందితేనే అతను మన మనిషవుతాడు. లేకపోతే తిరగాల్సిన గుమ్మం ఇంకొకటి పెరిగినట్టే.

ముందుగా ఏటి గట్టును ఆనుకున్న రెండు పేటలలో మొదలుపెడుతున్నాం. రాయగలిగినవాళ్లు, వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వగలిగినవాళ్లు సంఘం గదికి రండి. దరఖాస్తు నకళ్లు, రసీదులు ఎంత పాతవైనా పారేయకుండా తీసుకురండి. 2022 నీటి మరక గోడ మీద ఇంకా ఉన్న ఇళ్లవాళ్లకు ఒక మనవి. ఈసారి పండక్కి సున్నం వేయించే ముందు నేల నుంచి మరక దాకా టేపు పెట్టి కొలిచి, అంగుళాలు రాసి ఉంచండి. మేము వచ్చి పుస్తకంలో ఎక్కించుకుంటాం.